దోమచేపలకు మేత

మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక కబురు వచ్చింది. కింద ఫౌంటెన్ తొట్టిలో దోమ పిల్లల్ని తినే చేపలు వదులుతున్నారట, ఇక మందు కొట్టే పని తప్పుతుందట, ఆదివారం పొద్దున్న పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు. గురుగ్రామ్‌లో పద్నాలుగో అంతస్తులో ఉండేవాళ్లకు ప్రాణమున్న చేపని చూడటం పండగే మరి. కూరగాయలకని కిందికి దిగినదాన్ని, నా పనేదో నేను చూసుకోక అక్కడ ఆగాను. తోటమాలి ప్లాస్టిక్ సంచీ మూతి విప్పి నీళ్లలోకి వంచాడు. వేలెడు కూడా లేని బూడిదరంగు చేపలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల మాత్రం, తొమ్మిదేళ్లుంటాయేమో, గట్టు పట్టుకుని వంగి చూస్తూ అడిగింది. "భయ్యా, మచ్ఛర్ ఖతమ్ హో గయే తో యే క్యా ఖాయేంగే?"

దోమలైపోయాక ఇవేం తింటాయని. తోటమాలి నవ్వి, ఖాళీ సంచీ మడుచుకున్నాడు. కూరగాయలు కొనకుండానే లిఫ్టెక్కి వచ్చేశాను. సరిగ్గా ఇదే ప్రశ్న నేనూ అడిగాను, ఇంచుమించు ఆ వయసులోనే, ఇక్కడికి పట్టుమని పాతిక కిలోమీటర్లు లేని చోట. నాకు దొరికిన జవాబు నచ్చలేదు. అందుకని ఇంకో జవాబు నేనే తయారు చేసుకున్నాను.

నాన్న పటాలం నుంచి రిటైరైన ఏడాది అది. అమ్మకు ఉబ్బసం. ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ చలికాలం పొగమంచు, బస్సుల పొగ, పక్కింటి బొగ్గుల కుంపటి, అన్నీ తిన్నగా వచ్చి ఆవిడ ఛాతీలోనే కూర్చునేవి. ఊరికి దూరంగా, గాలి బాగుండే చోట ఉంచు, పొగ తగలనివ్వకు అన్నాడు మిలిటరీ డాక్టరు. నాన్నకు డాక్టరు మాటంటే పైనుంచి వచ్చిన ఆర్డరే. శ్రీకాకుళం పోదామని నానమ్మ గొడవ పెట్టింది గానీ, ఆసుపత్రి ఇక్కడే, కాగితాలు ఇక్కడే, పైగా ఊళ్లో సముద్రపు గాలి అమ్మకు పడదు. గురుగ్రామ్ పేరు అప్పటికింకా గుర్‌గావ్. అది దాటి, పెద్దరోడ్డు దిగి, మట్టిదారిన పోతే వచ్చే ఒక పల్లె పొలిమేరలో నాన్న అర ఎకరం నేల తీసుకున్నాడు. రెండు ఇటుక గదులు, ఒక బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి, ఒక గేదె. బెండ, వంగ, మిరప వేశాం. ఊరినుంచి తెచ్చిన గోంగూర విత్తనాలు నానమ్మ చల్లింది.

మొదటి మూడు నెలలూ అమ్మ ఒక్కసారి కూడా మందు పంపు నోట్లో పెట్టుకోలేదు. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గోంగూర ఉడుకుతున్న వాసనే వస్తుంది. తొట్టి దగ్గర్నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి, ఎక్కడా ఆగకుండా, వచ్చిన వెంటనే నన్ను తిట్టగలిగేది అమ్మ. అంతకుముందు తిట్టాలన్నా మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చేది. నాన్న ఉత్త హవల్దారే గానీ అమ్మ ఆయన్ని మేజర్ గారనేది. "మేజరు గారు గాలి కొనిపెట్టారమ్మా నాకు" అని పక్క పొలం తాయీకి తన వచ్చీరాని హిందీలో చెప్పుకునేది. తాయీ అంటే పెద్దమ్మ. ఆ ఊళ్లో అందరికీ ఆవిడ తాయీయే. పొద్దున్నే ఒక చెంబుడు మజ్జిగ తెచ్చి, వెళ్లేటప్పుడు అదే చెంబులో మా గోంగూర పచ్చడి పెట్టించుకుని, "బహుత్ ఖట్టీ" అని, మహా పులుపని, మొహం చిట్లించుకుంటూ వేలితో నాకుతూ వెళ్లేది.

తర్వాత వాన పడింది. ఆ నేల పల్లంలో ఉందన్న సంగతి నాన్నకు అమ్మినవాడు చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదేమో. దారి గుంటల్లో, గేదె గిట్టల అచ్చుల్లో, ఇటుకల కుప్ప సందుల్లో, ఎక్కడ చూసినా నీళ్లే. పొద్దు వాలేసరికి దోమలు లేచేవి. పెరుగన్నంలో నల్లగా కనిపిస్తే తాలింపులో ఆవాలనుకుని నేను నమిలేశాను ఒకసారి. గేదె కట్టుకొయ్య చుట్టూ తిరిగి తిరిగి తాడు మెడకు బిగించుకునేది.

ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన మందు ఒకటే, పొగ. తాయీ ఇంట్లో పిడకల మీద వేపాకు వేసి సాయంత్రం నుంచీ మండించేవాళ్లు. "ధువాఁ కర్ లే, బేటీ" అని, పొగ పెట్టుకోమని, అమ్మకు రోజూ చెప్పేది. మా నానమ్మదీ అదే మాట. "పొగెట్టకండా దోమలెలగ పోతాయిరా? మీ అయ్య బతికున్నన్నాళ్లూ గొడ్ల సాలలో పొగెట్టకండా ఒక్క రేయి నేదు" అనేది. నాన్న ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం మేమందరం కళ్లారా చూశాం. వానలు మొదలైన కొత్తల్లో ఎవరో చుట్టం వచ్చి దోమల కాయిల్ ఒకటి వెలిగించాడు. పావుగంటలో అమ్మ మంచం పట్టె రెండు చేతులా బిగించి పట్టుకుని, భుజాలు చెవులదాకా లేపి, గాలి కోసం నోరు తెరిచి కూర్చుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టయ్యాయి. ఆ తర్వాత పల్లెలో మందు కొట్టేవాడు డబ్బా వీపుకు తగిలించుకుని వస్తే నాన్న గేటుకి అడ్డంగా నిలబడి వెనక్కి పంపేశాడు. వాడు బూతులు తిట్టుకుంటూ పోయాడు. ఇంటి చుట్టూ ఊరంతా పొగ, మందు. మధ్యలో మేము, వట్టి చేతులతో.

"ఎగిరిన దోమని మనం ఏం చెయ్యలేం. నీళ్లలో ఉండగానే పట్టాలి" అన్నాడు నాన్న. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి దోమ ఎగిరేదాకా వారం పైనే పడుతుందని, వారం తిరిగేలోపల ఆ నీళ్లు పారబోస్తే చాలని ఎక్కడో పటాలంలో నేర్చుకున్నాడు. అంతే, ప్రతి ఆదివారం పొద్దున్న తనిఖీ. గుంటలు మట్టితో పూడ్చాడు. గేదె సాలకు వాలు పెట్టి ఆ నీళ్లు పోయేందుకు గొయ్యి తవ్వి ఇటుక ముక్కలు నింపాడు. కిటికీలకు ఇనుప జాలీ కొట్టాడు. మా ఒళ్లకి వేపనూనె కలిపిన కొబ్బరినూనె. ఆ కంపుకి బళ్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. తనిఖీ రోజున ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో దిక్కు అప్పగించేవాడు. నాది పెరటి మూల. అక్కడ పాతవాళ్లు పేర్చి, పైన పేడ మెత్తి వదిలేసిన పిడకల గూడు ఉండేది. నీళ్లు నిలిచినవన్నీ బోర్లించి, పరిగెత్తుకొచ్చి, మడమలు కలిపి "సబ్ ఠీక్" అని చెప్పాలి. "అయిందాండీ మేజరు గారూ? ఇక నన్ను కూడా బోర్లిస్తారా?" అనేది అమ్మ వంటింట్లోంచి.

సిమెంటు తొట్టిని బోర్లించలేం కదా. కరెంటు వచ్చే రెండు గంటల్లో దాన్ని నింపుకోకపోతే ఇంటికీ గేదెకీ నీళ్లుండవు. అందుకని నాన్న ఒకరోజు మలేరియా ఆఫీసు వాళ్లని బతిమాలి ఒక క్యాను నిండా చేపలు తెచ్చాడు. అవే, ఈ బూడిదరంగువి. తొట్టిలో వదిలిన రెండో రోజుకి నీళ్లలో మెలికలు తిరిగే పురుగు ఒక్కటి లేదు. నేను గంటలు గంటలు ఆ గట్టు మీదే బోర్లా పడుకుని చూసేదాన్ని. నాకు తోడుబుట్టినవాళ్లు లేరు. కుక్కని పెంచుదామంటే దాని బొచ్చు అమ్మకు పడదన్నారు. పిల్లి అంతే. మా ఇంట్లో నాకు దక్కిన మొదటి ప్రాణులు ఆ చేపలు.

నాలుగు రోజులు పోయాక నాన్నని అడిగాను, దోమ పిల్లలన్నీ అయిపోయాయి కదా, ఇప్పుడివేం తింటాయని.

"ఏం తినవు. ఆకలిగా ఉంటేనే మనకు మంచిది. ఒక్క పురుగుని కూడా వదలవు. సెంట్రీకి కడుపునిండా పెడితే నిద్రపోతాడు" అన్నాడు.

ఆ వారమే ఆయన తొట్టి గోడలకు పట్టిన నాచు మొత్తం చీపురుతో గీకి పారేశాడు. పటాలం శుభ్రం. మూడో రోజుకి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. నేను ఏడుస్తుంటే అమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది. "పాపం, డొక్కలెండిపోనాయి. మీ నాన్న దగ్గరెవరికీ కడుపు నిండదు" అని నవ్వి, నన్ను దగ్గరికి తీసుకుంది. అమ్మ ఊరికే అన్న మాట అది. ఆ చేపలు ఆ నాచు తినైనా బతికేవని, అంత సులువుగా చచ్చే రకం కాదని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను.

మరుసటి ఆదివారం నా మూలకు తనిఖీకి వెళ్తే పిడకల గూడు వెనక ఒక పగిలిన కుండ కనిపించింది. సగం కింద మిగిలింది. అందులో వాననీరు. నీళ్ల నిండా పురుగులు, పైకి లేస్తూ, నేను వంగగానే కిందికి మునుగుతూ. బోర్లించడానికి చెయ్యి పెట్టాను. పెట్టి తీసేశాను. ఎండ తగలకుండా దానిమీద ఒక పగిలిన పెంకు వారగా మూసి, పరిగెత్తుకొచ్చి, మడమలు కలిపి "సబ్ ఠీక్" అన్నాను.

నేను మరీ తెలివితక్కువదాన్ని కాను. నాన్న చెప్పిన లెక్క నాకు బాగా తెలుసు. వారం లోపల పట్టేస్తే ఒక్కటీ ఎగరదు. అందుకని మూడు రోజులకోసారి బడికి వెళ్లేముందు అమ్మ టీ వడకట్టే జల్లెడ దొంగిలించి, కుండలో ముంచి, పురుగులన్నీ ఎత్తి, గేదె వెనకనుంచి చుట్టు తిరిగి తొట్టి దగ్గరికి పోయేదాన్ని. నా నీడ పడితే చాలు, చేపలన్నీ ఆ మూలకు చేరేవి. "జల్లెడేదే? ఇక్కడే ఎట్టాను కదే" అని అమ్మ వంటింట్లో వెతుక్కునేది. నానమ్మ మీద అనుమానపడేది కూడా. ఎండాకాలంలో ఆవకాయ బద్దలు ఎండబెట్టడానికి నానమ్మ ఏ గిన్నె కనిపిస్తే అది ఎత్తుకుపోయిన చరిత్ర ఉంది. అత్తాకోడళ్లు జల్లెడ మీద పోట్లాడుకుంటుంటే నేను పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బుద్ధిమంతురాలిలా బడికి పోయేదాన్ని. నెల తిరిగేసరికి తొట్టిలో కంటికి ఆనీ ఆనని చేపపిల్లలు కనిపించాయి. "మేజరు గారి పటాలం పెరిగింది" అంది అమ్మ. ఆ పొగడ్త నాకేనని నాకొక్కదానికే తెలుసు.

దసరా సెలవులొచ్చాయి. కంటోన్మెంట్‌లో నాన్న పాత స్నేహితుడి కుటుంబం ఉండేది. ఆ అంకులు ఆదివారం పొద్దున్న స్కూటర్ మీద వచ్చి, పిల్లల్తో ఆడుకుంటుంది, రెండ్రోజులు పంపమన్నాడు. అమ్మ ఒక జడ అల్లి రెండో జడ అల్లుతోంది. నా మూలకు తనిఖీకి నాన్నే వెళ్లాడు. అమ్మ చేతిలోంచి జుట్టు లాక్కుని వంటింటి గుమ్మంలోకి పరిగెత్తాను. పిడకల గూడు వెనక నాన్న వీపు కనిపిస్తోంది. వంగాడు. కాసేపటికి లేచి, చేతులు దులుపుకుని, నావైపు చూస్తూ నడిచి వచ్చాడు. "సబ్ ఠీక్" అన్నాడు. కుండ కనిపించలేదు కాబోలనుకున్నాను. అంతకు రెండ్రోజుల క్రితమే పురుగులు పట్టాను. రెండు రోజుల్లో వచ్చేస్తాను. లెక్క సరిపోతుంది.

రెండు రోజులు పదకొండు రోజులైంది. ఆంటీ పిల్లలు నన్ను వదలలేదు. అక్కడ తెలుగువాళ్లందరూ చేరి పందిరి వేసి అమ్మవారిని పెట్టారు. రోజుకొక ప్రసాదం, పులిహోర, చక్కెరపొంగలి, కొబ్బరన్నం. నాలుగో రోజు ఇంటికి పంపమన్నాను. ఐదో రోజు మళ్లీ అడిగాను. ఆరో రోజు నుంచి పందిట్లో వెనక వరసలో కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని. పట్టింది శుక్రవారం. ఇవాళ్టికి ఎనిమిది. కడుపునొప్పి అని పొర్లాడాను. ఆంటీ వాము నలిపి నోట్లో పోసి, వేడినీళ్లు తాగించి, "అచ్ఛా, తగ్గిందా ఇప్పుడు?" అంది. తగ్గలేదన్నాను. "ఇంత పిల్లవయ్యావు, అమ్మ కొంగు వదలకపోతే ఎలాగే" అని అందరూ నవ్వారు. నిజం చెబితే ఆ క్షణమే స్కూటర్ తీసేవారని తెలుసు. చెప్పలేకపోయాను. చెబితే నాన్న తిడతాడనే భయం అమ్మకేమైనా అవుతుందనే భయం కన్నా పెద్దదైపోయింది. పదేళ్ల పిల్లకి భయాలు ఆ వరసలోనే ఉంటాయని ఎవరైనా నాకు చెబితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పినా నేను ఒప్పుకోను.

పదకొండో రోజు ఇంట్లో దిగగానే సంచీ పారేసి పెరట్లోకి పరిగెత్తాను. పెంకు తీశాను. లోపలి అంచుకి అతుక్కున్న రెండు మూడు దోమలు నా మొహం మీదుగా లేచిపోయాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. పురుగు ఒక్కటి లేదు. వదిలిపెట్టిపోయిన పొట్టులు మాత్రం తేలుతున్నాయి. కుండని ఇటుకతో ముక్కలు ముక్కలు కొట్టి మట్టిలో తొక్కేశాను.

"వచ్చీసావా? అమ్మవారి ప్రసాదమేదే?" అంటూ అమ్మ చేతులు చాపింది. మోచేతి కింద ఎర్రగా నాలుగు దద్దుర్లు. ముందు నుంచీ ఉన్నాయో, అప్పుడొచ్చాయో నాకు తెలియదు. నాకు కనిపించింది మాత్రం అప్పుడే.

ఆ తర్వాత రెండు వారాలు నేను పిచ్చిదానిలా తిరిగాను. తడితువ్వాలు పట్టుకుని గోడలన్నీ వెతికేదాన్ని. దోమతెర చిరుగులు చూసి చూసి కుట్టాను. పొద్దుగూకేవేళ అమ్మ కాళ్లకి వేపనూనె రాసి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని. "ఏటే ఇంత ప్రేమ? లెక్కల్లో సున్నా వచ్చిందేటి?" అనేది అమ్మ. నానమ్మ మురిసిపోయింది. "గుంటకి బుద్దొచ్చింది. పరాయి ఇంట్లో పది రోజులుంటే తల్లి విలువ తెలిసొచ్చింది" అని తాయీకి కూడా చెప్పింది. నన్ను పొగుడుతుంటే లేచి మళ్లీ గోడలు వెతకబోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్న పదకొండింటప్పుడు అమ్మ బియ్యం ఏరుతూ చలేస్తోందంది. ఎండలో కూర్చుని ఉంది. చేట చేతుల్లోంచి జారింది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పినా మంచం కోళ్లు నేలమీద టకటకా కొట్టుకున్నాయి. తాయీ వచ్చి బొంతల మీద తన బరువంతా వేసి అమ్మని అదిమి పట్టుకుంది. సాయంత్రానికి చెమటలు పట్టి వదిలింది. మర్నాడు బాగానే ఉంది. మూడోరోజు మళ్లీ అదే వేళకి మొదలైంది. నాన్న ఆసుపత్రికి తీసుకుపోతే రక్తం చూసి మలేరియా అన్నారు. మాత్రలిచ్చారు. పల్లెలో సగం ఇళ్లలో అదే జ్వరం ఉందని తాయీ చెప్పింది. నేను వినలేదు. మా అమ్మ జ్వరం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పిడకల గూడు వెనక నుంచి వచ్చింది.

మాత్రలకి జ్వరం దిగింది. జ్వరం దిగాక ఆయాసం ఎక్కింది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. మాట్లాడబోయి ఆగి, చెయ్యి ఊపి, తర్వాత చెబుతాననేది. మేజర్ గారనడం మానేసింది. నాన్న అప్పటికి ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడు. ఆ రోజు ఆయనది సాయంత్రం డ్యూటీ. పొద్దు వాలింది. అమ్మ పడుకున్న దోమతెర మీద దోమలు నల్లగా వాలి ఉన్నాయి. నానమ్మ చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. కొడుకు మాటకి కట్టుబడి నాలుగు నెలలు ఊరుకున్న మనిషి.

"ఇంకెంత నెత్తురుందని పీకుతాయి దీనికి? దూరంగా ఎడతాన్లే, సాల అవతల. ఇటు రాదు గాలి" అంది. నన్ను వేపాకు కోసుకు రమ్మంది. నేను కోసుకొచ్చి ఇచ్చాను. వద్దు నానమ్మా అనాలని తెలుసు నాకు. ఆ దోమలన్నీ చచ్చిపోవాలని, నేను పెంచినవన్నీ చచ్చిపోవాలని, ఆ ఒక్కటే అనిపించింది.

పిడక రాజుకుంది. పొగ మొదట పొలం వైపే పోయింది. కాసేపటికి గాలి ఆగింది. ఆగి ఇటు తిరిగింది. నాన్న కొట్టిన జాలీలోంచి పొగ గదిలోకి వచ్చేసింది. నానమ్మ బిందెడు నీళ్లు నిప్పుల మీద గుమ్మరిస్తే ఇంకా తెల్లగా, ఇంకా దట్టంగా లేచింది. అమ్మ లేచి కూర్చుని మంచం పట్టె పట్టుకుంది. పంపు నోట్లో పెట్టి నొక్కింది, మళ్లీ నొక్కింది. నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ప్రశ్న కూడా లేదు. గాలి తప్ప ఇంకేమీ అక్కర్లేని చూపు. నేను తాయీ ఇంటికి పరిగెత్తాను. ట్రాక్టర్ ట్రాలీలో మంచంతో సహా ఎక్కించారు. దారిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర నాన్న యూనిఫారంతోనే ఎక్కాడు. నన్నూ నానమ్మనీ దింపి ఇంటికి పంపేశారు. మూడోరోజు పొద్దున్న నాన్న ఒక్కడే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు.

నానమ్మ ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. దేవుడి ముందు ఒక్క అగరొత్తి కూడా వెలిగించలేదు. పండక్కి సాంబ్రాణి వేస్తే లేచి బయటికి పోయేది.

కర్మలయ్యాక ఒకరోజు తొట్టి దగ్గరికి పోయాను. నా నీడ పడింది. చేపలన్నీ ఆ మూలకు చేరి, నోళ్లు పైకెత్తి తెరిచి మూస్తూ ఎదురుచూశాయి. వాటిని గుప్పిళ్లతో ఎత్తి ఎండలో పోయాలనిపించింది. పొయ్యలేదు. అలా అని ప్రేమతో వదిలానని చెప్పను. చెయ్యి లేవలేదు, అంతే. చలికాలం ముదరకముందే ఆ నేల వదిలేసి మళ్లీ ఢిల్లీలో రెండు గదుల ఇంటికి వచ్చేశాం. ఇప్పుడక్కడ పొలమూ లేదు, గూడూ లేదు, పైనుంచి మెట్రో పోతుంది. పెద్దయ్యాక తెలిసిన డాక్టరుని ఒకర్ని, ఎవరి సంగతో అన్నట్టు, అడిగాను. ఆ పల్లంలో, అన్ని నీళ్ల మధ్య, ఏ దోమ ఎక్కడ పుట్టిందో దేవుడు కూడా చెప్పలేడన్నాడు. ఆ మాట పగలు నమ్ముతాను.

నాన్న చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. ఒకసారి రక్తపరీక్షకి ల్యాబుకి తీసుకెళ్లాను. నంబరు రావడానికి టైముంది. గోడమీద దోమల గురించి ఏదో పోస్టర్ ఉంది. దాన్ని చదువుతూ, నావైపు తిరక్కుండా అన్నాడు.

"ఆ కుండ నేను చూశానమ్మా."

నేను ఏ కుండ అని అడగలేదు. ముప్ఫై ఏళ్లుగా మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే కుండ.

"చేపలకి మేత పెంచుతున్నావని అప్పటికి నెల ముందే తెలుసు. జల్లెడ పట్టుకుని పోవడం చూశాను. మూడ్రోజులకోసారి తీసేస్తున్నావు కదా, పరవాలేదులే అనుకున్నాను. ఆ ఆదివారం పారబోద్దామని వంచాను కూడా. నువ్వు గుమ్మంలో ఒక జడతో నిలబడి నన్నే చూస్తున్నావు. నీకేమున్నాయి, ఆ నాలుగు చేపలే కదా. మళ్లీ నిలబెట్టేశాను. నువ్వెళ్లాక తీసేద్దామనుకున్నాను. డ్యూటీలో పడి మర్చిపోయాను. పై ఆదివారం తనిఖీకి కూడా లేను. మీ అమ్మని నేనే చంపుకున్నాను. నీకు చెప్పకుండా పోకూడదని."

అప్పుడు నేను అనవలసిన మాట ఒక్కటే. నువ్వు కాదు నాన్నా, నేను. లేదా, ఎవరమూ కాదు నాన్నా, ఊరంతా జ్వరాలే కదా అప్పుడు. ఏదైనా ఒకటి. మా ఆయనకి చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు, అన్నేళ్లు ఒక్కదాన్నే మోశాను. ఆయన మాట వినగానే నాకు ముందుగా కలిగింది జాలి కాదు. ఊరట. నా మెడ మీది బరువులో సగం ఎవరో ఎత్తుకున్నట్టు, ఒళ్లంతా తేలికైపోయింది. ఆ తేలికదనం ఇంకాసేపు ఉండనీ అనిపించింది. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆయన నా జవాబు కోసం చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తల వంచుకున్నాడు. ఆ తల దించుకునే ఉన్నాడు, పోయేదాకా.